ఆ సోమవారం వాన పడలేదు

మొదటే చెప్పేస్తున్నాను. ఆ సోమవారం వాన పడలేదు. మంగళవారమూ పడలేదు. విత్తనానికి అదను దాటిపోయేదాకా మా అవ్వ చేను మీద చుక్క రాలలేదు. నేను అక్కడే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్పాల్సి వస్తోందంటే, మొన్న ఆఫీసుకు పోతూ మెట్రోలో నిలబడి ఫోన్ చూసుకుంటుంటే మా చుట్టాల గ్రూపులో ఒక వీడియో వచ్చింది. తెల్ల కోటు వేసుకున్న ప్రసంగీకుడు, వెనక రంగు లైట్లు, కీబోర్డు మీద సన్నగా ఏదో రాగం. కడప జిల్లాలో ఒక పేద అవ్వ అని మొదలుపెట్టాడు. ఆ అవ్వ ఆదివారం విత్తనం వేయనందట. ఊరంతా నవ్విందట. సోమవారం తెల్లారేసరికి ఆకాశం తెరుచుకుందట. ఊరందరి పైర్లూ మాడిపోతే అవ్వ చేను ఒక్కటే పచ్చగా నిలిచిందట. మీరూ ఇలా నమ్మండి, మీకూ ఇల్లు వస్తుంది, కారు వస్తుంది అని ముగించాడు. కింద మా వాళ్లందరూ వరసగా చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు.

ఆ అవ్వ మా అవ్వ. మా అమ్మను కన్నతల్లి. ఆ వీడియో గ్రూపులో పెట్టింది మా మామ, అవ్వకు ఒక్కగానొక్క కొడుకు. ఆ ఆదివారం గుడి వాకిట్లో చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడిన మనిషి ఆయనే.

నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయింది. చివరి స్టేషన్ దాకా పోయి, ప్లాట్‌ఫారం మీద బెంచీ చూసుకుని కూర్చుని, గ్రూపులో రెండు ముక్కలు రాసి పడేద్దామని మొదలుపెట్టాను. రెండు ముక్కల్లో అయ్యే సంగతి కాదని తొందరగానే తెలిసింది.

నేను బడికి పోయే రోజుల్లో, ఆ ఏడు వేసవి చివర్లో నాకు ఒళ్లంతా పొక్కులు లేచాయి. అవి మాడుముఖం పట్టాక కూడా నెల దాకా బడికి పంపొద్దన్నారు. హైదరాబాదులో అమ్మానాన్నా ఇద్దరూ పొద్దున్నే ఉద్యోగాలకు పోవాలి. అమ్మ నన్ను రైల్లో తీసుకొచ్చి, ఎర్రగుంట్లలో దించి, అవ్వకు అప్పజెప్పి మరుసటి బండికే తిరిగిపోయింది. ఆటోలో అవ్వ పక్కన కూర్చుని ఏడుస్తూనే ఉన్నాను. సిమెంటు లారీలు లేపే బూడిదరంగు దుమ్ము కొంతదూరం వచ్చింది. తర్వాత ఎర్రనేల మొదలైంది, ఎక్కడ చూసినా దున్ని వదిలేసిన చేలు, వానకోసం నోరు తెరుచుకుని.

అవ్వ ఇల్లు ఒక్క గది, ముందు ఒక చావిడి. కింద నాపరాళ్లు, పైన నాపరాళ్లు. పొయ్యిలో బుడ్డల పొట్టు కాలుతున్న వాసన. మా వైపు వేరుశనక్కాయల్ని బుడ్డలు అంటారు. ఆ పొగ వాసన, వేపాకు వాసన, గోడకు ఆనించిన పాత చాపల వాసన కలిస్తే అది అవ్వ ఇల్లు. ఇప్పటికీ ఎవరైనా వేరుశనక్కాయలు కాలుస్తుంటే నేను అక్కడ ఆగిపోతాను.

మేము వచ్చిన పూటే పక్కింటామె వేపమండలు పట్టుకొచ్చింది. పాపకు అమ్మోరు పోసిందంట కదా, తిరగమాత వెయ్యొద్దు, మండలు పక్కమీద పరువు అని చెప్పింది. అవ్వ మండలు తీసుకుని, అమ్మోరు కాదులే, పొక్కులు, అయినా వేపచెట్టు కూడా మా దేవుడు చేసిందే కదా అంది. ఎవురు చేసినా దురద పోతే సాలు అని ఆమె నవ్వుతూ పోయింది. ఆ ఇద్దరూ రోజంతా ఇలాగే దెప్పుకునేవాళ్లు. సాయంత్రానికి ఒకరి చారు ఒకరింటికి పోయేది.

నా దగ్గర అమ్మ పాత ఫోన్ ఉండేది. బొత్తాలది. సిగ్నల్ మాత్రం గుడి మెట్ల మీదే తగిలేది. అందుకని నేను రోజంతా గుడి మెట్ల మీదే ఉండేదాన్ని. అవ్వ చూసి, ఇంత భక్తి మా ఊర్లో ఎవరికీ లేదు అని అందరికీ చెప్పుకునేది.

మా వాళ్లు చర్చిని గుడి అనే అంటారు. రాతి గోడలు, పైన బండలు, నేలమీద నున్నటి నాపరాయి. మండే ఎండలో కూడా ఆ బండమీద బుగ్గ ఆనిస్తే చల్లగా ఉండేది. గంట లేదు. ముందున్న వేపచెట్టు కొమ్మకు ఒక రైలు పట్టా ముక్క వేలాడదీశారు. దాన్ని ఇనుప కమ్మీతో కొట్టాలి. గుడి తాళమూ ఆ కమ్మీ అవ్వ దగ్గరే ఉండేవి. గుడి ఊడ్చేదీ, దీపాలు తుడిచేదీ, ఆదివారం పట్టా కొట్టేదీ ఆమే.

శనివారం వచ్చిందంటే అవ్వకు కాళ్లు నిలిచేవి కాదు. నీళ్లు తేవడం, కట్టెలు చీల్చడం, సంగటి కెలికి ముద్దలు చేసి పెట్టడం, ఊర్మిండి నూరడం. ఊర్మిండి అంటే వేయించిన బుడ్డలూ ఎండుమిరపకాయలూ కలిపి నూరిన పచ్చడి. ఇవన్నీ శనివారం పొద్దు వాలేలోగా అయిపోవాలి, ఎందుకంటే ఆదివారం మా ఇంట్లో పొయ్యి రాజేసేది లేదు. చల్లటి సంగటి మజ్జిగలో పిసుక్కుని తినడం, తెల్లచీర కట్టుకుని గుడికి పోవడం, తర్వాత ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే చూసి రావడం. అంతే. చేలో గడ్డిపరక కూడా పీకేది కాదు.

నేనొచ్చిన తొలి ఆదివారం నాకు టీ కావాలనిపించింది. అవ్వ పట్టా కొట్టడానికి పోగానే పొయ్యి రాజేశాను. పొగ చూసి ఆమె పరుగున వచ్చింది. నేను గ్లాసు పట్టుకుని, కొడితే కొట్టు అన్నట్టు నిలబడ్డాను. అవ్వ గ్లాసు లాక్కుని, సగం తాను తాగి, సగం నాకిచ్చింది.

"కాచిన తప్పు నీది, తాగిన తప్పు నాది. చక్కెర తక్కువేసినావే."

ఇది ఎందుకు చెప్తున్నానంటే, మా అవ్వ దేవుడు కొరడా పట్టుకుని కూర్చున్నాడని భయపడే మనిషి కాదు. ఆ వీడియోలో ఆమెను వణికే ముసలమ్మలాగా చూపించారు. నాకు ఎక్కువ మండింది అక్కడే.

వానకు ముందు విత్తనాలు వొలిచేవాళ్లం. చావిట్లో ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని కాయను వేళ్లతో చిట్లించి గింజ తీసేవాళ్లు. పొద్దస్తమానం టప్‌మని, టప్‌మని. వేళ్ల చివర్లు ఒరిసిపోయేవి. నేను నాలుగు గింజలు చాటలో వేసి ఒకటి నోట్లో వేసుకునేదాన్ని. వెంటనే చేతిమీద దెబ్బ పడేది. అవి తినే గింజలు కావు, విత్తనాలు. ఆ ఇంట్లో విత్తనం తినడం దొంగతనంకన్నా ఎక్కువ.

అలా వొలుస్తూనే ఒక మధ్యాహ్నం అవ్వ తన తల్లి సంగతి చెప్పింది. ఊర్లో అందరికన్నా ఎక్కువ చేలున్న పెద్ద రైతు ఉన్నాడు కదా, ఆ తల్లీ తండ్రీ ఆయన వాళ్ల తాత దగ్గర జీతానికుండేవాళ్లు. వాళ్లకు ఆదివారం లేదు, పండగ లేదు, జ్వరం లేదు. ఆ తల్లి బాప్తిస్మం తీసుకున్నాక ఆయన కళ్లంలో నిలబడి, ఆరు దినాలు నీ పని చేస్తా, ఏడో దినం నీదీ కాదు నాదీ కాదు అని చెప్పిందట. ఎద్దుల్ని తోలే చెళ్లకోలతో ఆమెను కొట్టారట. వచ్చే ఆదివారం వీపుకు పసుపు పూసుకుని మళ్లీ గుడికే పోయిందట. కొట్టీ కొట్టీ వాళ్లే విసిగిపోయారట.

"మా అమ్మ నాకు పెట్టిపోయిన సొత్తు ఈ దినమొక్కటే మ్మే" అంది అవ్వ.

నాకు అప్పుడు కూడా నోరు ఆగేది కాదు. ఇప్పుడు ఎవరూ కొట్టరు కదా అవ్వా, ఒక్క ఆదివారం పోతే ఏమైంది అన్నాను.

అవ్వ చేతిలో కాయ చిట్లించి గింజ వైపు చూసుకుంది.

"కొట్టేటప్పుడు ఎవురూ ఇయ్యరు మ్మే. ఎవురూ కొట్టనప్పుడే మనంతట మనం ఇచ్చేస్తాం."

శుక్రవారం సాయంత్రం వాన పడింది. ఆ వాన నిజం. పెద్ద పెద్ద చుక్కలు దుమ్ములో గుంటలు చేస్తూ మొదలై, తర్వాత ఊరే కనపడనంత. పక్కింటామె తడుస్తూ వాకిట్లో నిలబడి నవ్వుతోంది. నేను ఎర్రనీళ్లలో దొర్లాను, మాడిన పొక్కులు మళ్లీ దురదపెట్టాయి. మా మామ తల ఎత్తి నోరు తెరిచి వాన తాగాడు.

ఎర్రనేలలో తడి నిలవదు. విత్తనం మొలకెత్తేంత తడిని పదును అంటారు. రెండు మూడు ఎండలు కాశాయంటే ఆ పదును పోతుంది. ఊరందరికీ కలిపి విత్తనం వేసే ట్రాక్టరు ఒక్కటే, పెద్ద రైతుది. మామ అప్పుడు పెళ్లికాని పిల్లగాడు. ఆ ఏడు చేను చూసుకునే బాధ్యత కొత్తగా నెత్తికెత్తుకున్నాడు. పంట చేతికొస్తే ఊర్లో ఉంటాడు. రాకుంటే ఎర్రగుంట్లకు పోయి సిమెంటు మూటలు ఎత్తాలి. ఆయనకు ఆ దుమ్మంటే అసహ్యం. రోజూ నాకు చెప్పేవాడు, నేను ఆ బూడిదలో బతకలేను పాపా అని.

శనివారం మధ్యాహ్నం పెద్ద రైతు మోటారుసైకిలు మీద వచ్చి వాకిట్లో ఆగాడు. దిగలేదు.

"ఏమ్మే, రేపు పొద్దున మీ చేనికి ట్రాక్టరు పంపిస్తాండా. ఎల్లుండి అది పక్కూరికి పోతాది."

"రేపు ఆదివారమప్పా. సోమారం పంపించు."

"సోమారం నా చేతిలో ఉండదు. మీ దేవునికి చెప్పరాదా, ఈ ఒక్క దినం సర్దుకోమని."

"ఆయన సర్దుకుంటాడు. నేనే సర్దుకోను."

పెద్ద రైతు నవ్వాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. నిజానికి మాకు మంచి చేద్దామనే వచ్చాడు. మామ ముందుకొచ్చి, పంపించప్పా, నేనుండా కదా అన్నాడు. మోటారుసైకిలు స్టార్ట్ చేస్తూ ఆయన, తల్లీకొడుకులు తేల్చుకోండి, ట్రాక్టరు అయితే వస్తాది అని పోయాడు.

మామ అవ్వతో గొడవ పడలేదు. నేరుగా పోయి పాస్టరయ్యను పిలుచుకొచ్చాడు. ఆయన చావిట్లో కూర్చుని టీ తాగి, విశ్రాంతి దినమైనా బావిలో పడిన ఎద్దును పైకి తీయొచ్చని వాక్యంలోనే ఉంది కదమ్మా అన్నాడు. బావిలో ఎద్దు పడితే తాడు నేనే తెస్తానయ్యా, నా చేను బావిలో పడలేదు కదా అంది అవ్వ. పాస్టరయ్య గ్లాసు పక్కన పెట్టి లేచాడు. మామ మాత్రం, నువ్వు గుడికి పో, నేను చేనికి పోతా, ఎవరి దారి వాళ్లది అని చెప్పి, ట్రాక్టరు డ్రైవరుకు చేను చూపించడానికి పోయాడు.

ఆయన మలుపు తిరగగానే అవ్వ లేచింది. చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, లోపల మూలనున్న విత్తనం బస్తాలు విప్పి, ఒక తట్ట నింపి తన నెత్తికెత్తుకుంది. ఒక చిన్న బొక్కెన నా చేతికిచ్చింది. ఏందవ్వా అంటే, గమ్మున నడువు అంది. గుడికీ ఇంటికీ మధ్య తిరుగుతూ పొద్దు వాలేలోగా విత్తనాలన్నీ గుడిలోకి చేర్చాం. ఆడవాళ్లు కూర్చునే వైపు గోడవార మళ్లీ బస్తాల్లో పోసి మూతి కుట్టింది. గుడిలో ఎప్పుడూ ఉండే కొవ్వొత్తి వాసన మీదికి పచ్చిగింజల వాసన వచ్చింది. అవ్వ తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. నాకైతే దొంగల సినిమాలో ఉన్నట్టుంది.

ఆదివారం పట్టా కొట్టమని కమ్మీ నాకిచ్చింది. జనం వచ్చారు. అవ్వ తెల్లచీరలో బస్తాలకు వీపు ఆనించి చాపమీద కూర్చుంది. ఆడవాళ్లకు విషయం అర్థమై కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కీర్తన అయింది, పాస్టరయ్య ప్రసంగం మొదలుపెట్టాడు. అప్పుడు వినపడింది ట్రాక్టరు. దగ్గరికొచ్చి, గుడి ముందు ఆగి, అలాగే డబడబమంటూ నిలబడింది.

మామ వాకిట్లోకి వచ్చాడు. అలవాటుకొద్దీ చెప్పులు విప్పాడు, కానీ విడిచిపెట్టలేదు. చేతిలో పట్టుకుని గడప బయటే నిలబడ్డాడు.

"మా, విత్తనమియ్యి."

గుడి మొత్తం అవ్వ వైపు తిరిగింది. పాస్టరయ్య ప్రసంగం ఆపి, ఇచ్చేయమ్మా, దేవుడేమీ అనుకోడు అన్నాడు.

అవ్వ గోడ పట్టుకుని లేచింది.

"ఆయనేమనుకుంటాడో అని కాదయ్యా. మాట ఇచ్చింది నేను. పెద్ద రైతు చేలో కూలికి పోయేటప్పుడే ఈ దినం ఎవురికీ ఇయ్యలే. ఇప్పుడు నా చేనని ఇస్తానా? అట్లయితే మా అమ్మ దెబ్బలు తినింది ఎందుకు?"

తర్వాత మామ వైపు తిరిగింది. గొంతు తగ్గింది.

"నాయనా, చెప్పులు ఆడ ఇడిచి లోపలికి రా. చేను పోతే పోనీ. నువ్వు ఈడ కూచో."

మామ కదలలేదు. బయట డ్రైవరు హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. మామ వంగి, చెప్పులు నేలమీద పెట్టి, తొడుక్కుని వెళ్లిపోయాడు. ట్రాక్టరు చప్పుడు పెద్దదై, చిన్నదై, పోయింది. పాస్టరయ్యకు ప్రసంగం ఎక్కడ ఆపాడో దొరకలేదు. పుస్తకంలో పేజీలు తిప్పుతూ ఉండిపోయాడు. అవ్వే ఒక కీర్తన ఎత్తుకుంది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి ఇదీ చెప్తాను. బస్తా మూతి కుట్టు పిడికిట్లో పట్టుకునే పాడింది. గొంతు వణకలేదు.

సోమవారం ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఊర్లో చివరి ఎద్దులజత ఉన్న సాయిబు తాతను అవ్వ పిలుచుకొచ్చింది. ఆయన చేలోకి దిగి, కాలి బొటనవేలితో మట్టి తవ్వి, కొంచెం నడిచి, మళ్లీ తవ్వాడు. వంక పక్కన చిన్న పట్టీలో మాత్రం గొర్రు తోలి విత్తనం వేశాడు. మిగతాదానికి పదును లేదు అక్కా, ఏస్తే విత్తనం మట్టిపాలు అన్నాడు. మళ్లీ వాన వస్తుందేమోనని అందరం చూశాం. పక్కింటామె కూడా మాకోసం ఆమె దేవుళ్లకు మొక్కింది. రాలేదు. అదను దాటాక పడ్డ జల్లులకు ఊరి పైర్లు గిడసబారినా నిలిచాయి, అందరికీ ఎంతో కొంత చేతికొచ్చింది. వంక పక్కన ఆ పట్టీ తప్ప మా చేను ఒక్కటే ఎర్రగా ఉంది. వీడియోలో సరిగ్గా తలకిందులు చేశారు దీన్ని.

ఆ వారంలోనే మామ ఒక సంచిలో బట్టలు సర్దుకుని ఎర్రగుంట్లకు పోయాడు. అవ్వ సద్ది కట్టిస్తే తీసుకుని సంచిలో దోపుకున్నాడు. ఆయన పోయాక నేను అవ్వమీద విరుచుకుపడ్డాను. ఇంత చేశావే, నీ దేవుడు వాన ఎందుకు పంపలేదు అని అరిచాను. అవ్వ పొయ్యి దగ్గర బుడ్డలు వేయిస్తోంది. తల తిప్పలేదు.

"వాన కోసం కాదు మ్మే నేను కూచునింది."

అవి విత్తనాల బస్తాలోవే. నేను పెనం మీదినుంచి ఒక గింజ తీసుకుని, దెబ్బ కోసం చెయ్యి అలాగే ఉంచాను. దెబ్బ పడలేదు.

"తిను. ఇంక అవి విత్తనాలు కావు."

ఆ ఏడంతా ఆ ఇంట్లో ఊర్మిండే. అవ్వ ఆరు దినాలు ఊరందరి చేలలో కలుపు తీసింది, పెద్ద రైతు చేలోనూ తీసింది. దసరా సెలవులకు మేము పోయేసరికి గుడిలో కోతల పండగ. తొలిపంటలో కొంత తెచ్చి దేవుని ముందు పెట్టే రోజు. గుమ్మడికాయలు, జొన్నకంకులు, వేళ్లతో సహా పీకిన బుడ్డల చెట్లు, కాళ్లు కట్టేసిన కోళ్లు. వాటి మధ్యన అవ్వ ఒక చాట పెట్టింది. దాన్నిండా ఆ వెయ్యని విత్తనాలే. ఏమత్తా, వెయ్యని పంట తెచ్చినావే అని ఒకామె ఎగతాళి చేసింది. వెయ్యలే కాబట్టే తెచ్చినా, ఇది కూడా ఆయనదే అని చెప్పి అవ్వ తన చోట కూర్చుంది. నాకు ఆ రోజు సిగ్గనిపించలేదు. ఎవరైనా ఇంకో మాట అంటే కొరుకుదామని చుట్టూ చూస్తూ నిలబడ్డాను.

అవ్వ పోయింది. ఆ చేను ఇప్పుడు లేదు, సున్నపురాయి తవ్విన గొయ్యి ఉంది. పాత గుడి పడగొట్టి పలకలు పరిచిన కొత్తది కట్టారు. పట్టాముక్క బదులు మైకు ఉంది.

ప్లాట్‌ఫారం మీదినుంచే మామకు ఫోన్ చేశాను. హలో కూడా అనలేదు.

"మామా, వాన యాడ పడింది?"

వెనక లారీల చప్పుడు.

"నేనే చెప్పినా పాప ఆ ప్రసంగం చేసే ఆయప్పకు. ఉన్నదున్నట్టే చెప్పినా. వాన ఆయప్ప కలిపినాడు."

మరి నువ్వెందుకు పెట్టావు అన్నాను.

"బాగుండాది అనిపిచ్చె. శానా సార్లు చూసినా. నిజంగా అట్లే పడింటే, నేను ఆ దినమే లోపలికి వచ్చి కూచుండేవాన్ని కదా అని."

నా కోపం ఒక్క క్షణం తూలింది. కానీ దిగలేదు.

"పడలే మామా."

"పడలే. కానీ వాన పడలేదని చెప్తే ఎవురొస్తారు పాప గుడికి?"

"అవ్వ వచ్చె కదా."

ఫోన్ అటువైపు లారీ ఒకటి దూరంగా పోయింది. మామ పెట్టేయలేదు.

ఇదంతా గ్రూపులో పెడుతున్నాను. చేతులు జోడించేవాళ్లు ఇప్పుడు జోడించండి. నాకు గుర్తున్న అవ్వ పచ్చటి చేలో నిలబడిన అవ్వ కాదు. మామ వెళ్లిపోయాక వచ్చిన ఆదివారం, సద్దిసంగటి తిని, తెల్లచీర కట్టుకుని, ఎర్రగా ఎండుతున్న ఆ చేను గట్టుమీదుగానే నడిచి గుడికి వచ్చిన అవ్వ. ఆకాశంలో మబ్బుతునక లేదు. కొంగుతో ముఖం తుడుచుకుని, బొడ్లోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచి, కమ్మీ నా చేతికిచ్చింది.

"గట్టిగా కొట్టు మ్మే. చేను దాకా వినపడాల."

కొట్టాను.